కిటికీ మార్పించుకునే ముందు

చెన్నైలో పాత ఇళ్ల టేకు కిటికీలను తీసివేసి అల్యూమినియం, యూపీవీసీ కిటికీలు పెట్టించుకోవడం నేడు సర్వసాధారణం. అయితే కొత్త కిటికీ పెట్టించిన తొలి వానలకే గోడ చెమ్మగిల్లిందని వాపోయేవారూ ఉన్నారు. ఆ నీరు చాలా సందర్భాలలో అద్దం వైపునుండి రాదు. చట్రానికీ గోడకూ నడుమనున్న సందు గుండా, వాలు లేని అడుగు బండ మీదుగా వస్తుంది. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలవుతాయి గనుక, గోడ పొడిగా ఉన్నప్పుడే, సెప్టెంబరు ముగిసేలోగా పని పూర్తి చేయించుకోవడం మేలు.

కొలతలు ఇంటి నక్షానుండి గాక గోడనుండే తీసుకోవాలి. వెడల్పును పైన, నడుమ, కింద. ఎత్తును ఎడమ, నడుమ, కుడి పక్కల కొలిచి, వాటిలో అతి చిన్నదానిని ఆధారం చేసుకోవాలి. మూలనుండి మూలకు రెండు కొలతలూ సమానంగా లేకపోతే గోడ వంకరగా ఉన్నదని అర్థం. మేస్త్రీ అడుగులలో చెబుతాడు, కర్మాగారం మిల్లీమీటర్లలో కోస్తుంది. అతడు ‘జన్నల్’ అన్నా మనం ‘కిటికీ’ అన్నా చిక్కు లేదు. అంకెల దగ్గరే చిక్కు. కొలతలను బొమ్మతో సహా కాగితంపై రాయించి, ఇద్దరూ సంతకం చేయండి. ఖాళీని వెడల్పు చేయదలిస్తే మాత్రం ఇంజనీరును అడగకుండా గోడ పగులగొట్టరాదు. పైనున్న లింటెల్ ఆ కొలతకే వేసినది.

అడుగున వేసే కడప బండ గాని గ్రానైటు గాని బయటి వైపుకు వాలి, గోడకంటే కొంత ముందుకు రావాలి. దాని అడుగు భాగంలో అంచు పొడవునా సన్నని గాడి కోయించండి. గాడి లేకపోతే నీరు బండను అంటుకొని తిరిగి గోడలోకే వస్తుంది. చట్రాన్ని రసమట్టంతో సరిచూసి బిగించిన పిదప, సందును నురుగుతో నింపి ఊరుకోరాదు. బయటివైపు సీలెంటు పూత తప్పనిసరి. చట్రం అడుగున నీరు పోవడానికి ఉంచిన చిన్న రంధ్రాలను సిమెంటుతో మూసివేయడం తరచుగా జరిగే పొరపాటు. సముద్రపు గాలి తగిలే ఇళ్లకు స్టెయిన్‌లెస్ స్టీలు మరలే వాడించండి.

జరుపుడు కిటికీలో ఒకసారి తెరుచుకునేది సగమే. మధ్యాహ్నపు సముద్రపు గాలిని ఆశించే గదికి పూర్తిగా తెరుచుకునే రెక్కలే నయం.

గ్రిల్ విషయంలో ఖర్చుకు వెనుకాడవద్దు. దొంగల భయంతో కిటికీలన్నిటికీ కదలని ఊచలు బిగిస్తే, వాకిలి వైపు మంటలు రేగిన రోజున లోపలివారికి దారి ఉండదు. ప్రతి పడకగదిలోనూ ఒక గ్రిల్‌కు తలుపువలె తెరుచుకునే భాగం ఉండాలి. తాళం వేస్తే, చెవి ఎక్కడుందో పెద్దలకు, పిల్లలకు తెలియాలి. అయితే పసివారికి అందరాదు. ఊచల నడుమ ఎడం పది సెంటీమీటర్లకు మించకూడదు. కిటికీ కింద మంచం వేయకండి. అపార్ట్‌మెంటులో బయటికి పొడుచుకు వచ్చే గ్రిల్‌కు సంఘం అనుమతి లిఖితపూర్వకంగా తీసుకోవాలి.

లోపలి రంగు వేయకముందే, సీలెంటు ఆరిన తరువాత, బయటినుండి గొట్టంతో పావుగంట నీరు కొట్టించి లోపలి మూలలను చేతితో తడిమి చూడండి. చివరి వాయిదా ఆ తరువాతే చెల్లించండి.