కాళ్ళతో పాటు గొంతూ

అమ్మలూ,

సినిమాలో వేషం వచ్చిందనీ, ఒప్పుకుంటే కూచిపూడికి దూరమైపోతానేమోనని బెంగగా ఉందనీ రాశావు. నిర్ణయం నీదే. కానీ దానికి ముందు, నాట్యం నుంచి సినిమాల్లోకి వచ్చిన నటి లెస్లీ కారన్ గురించి నువ్వు తెలుసుకోవాలి.

ఆమె 1931లో పారిస్‌ పక్కనున్న బులోన్ బియాంకూర్‌లో పుట్టింది. తండ్రి ఫ్రెంచివాడు, తల్లి అమెరికా నుంచి వచ్చిన నర్తకి. బాల్యంలో కొన్నేళ్ళు జర్మన్ల ఆక్రమణ కిందే గడిచాయి. కడుపునిండా తిండి దొరకని ఆ రోజుల్లోనే బ్యాలే నేర్చుకుని, ఇరవై నిండకముందే నృత్యదర్శకుడు రోలాఁ పెతీ బృందంలో చేరింది. 1948లో ఒక బ్యాలేలో స్ఫింక్స్‌గా ఆడుతుంటే అమెరికన్ నటుడు, నర్తకుడు జీన్ కెల్లీ చూశాడు. తర్వాత హాలీవుడ్‌కి పిలిపించి, ‘యాన్ అమెరికన్ ఇన్ పారిస్’లో తన సరసన నాయికను చేశాడు.

1951లో వచ్చిన ఆ సినిమా చివర్లో దాదాపు పదిహేడు నిమిషాల బ్యాలే ఉంది. అందులో మాటల్లేవు. అక్కడ లెస్లీ ఆరితేరిన కళాకారిణి. మాటలున్న సన్నివేశాల్లో మాత్రం అంతంతమాత్రం ఇంగ్లీషుతో కెమెరా ముందు నిలబడ్డ కొత్తపిల్ల. సినిమాకి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది.

ఆ పేరుతోనే పదేళ్ళు నాట్యపాత్రలు వేసుకుంటూ గడిపేయొచ్చు. ఆమె అలా గడపలేదు. 1953లో ‘లిలీ’లో చేతిబొమ్మలతో కబుర్లాడే అనాథపిల్లగా నటించి ఆస్కార్ నామినేషన్ తెచ్చుకుంది. 1955లో పారిస్‌లో జాఁ రెన్వార్ రాసిన నాటకం ‘ఓర్వే’లో, మరుసటి ఏడు లండన్‌లో ‘జీజీ’ నాటకంలో నటించింది. రీటేకులుండని చోట, జనం ఎదుట నిలబడి మాట పలకడం సాధన చేసిందన్నమాట. 1958లో ‘జీజీ’ సినిమాకి తొమ్మిది ఆస్కార్లొచ్చాయి. అందులో ఆమె పాటలు చాలావరకు గాయని బెట్టీ వాండ్ గొంతులోనే వినిపిస్తాయి.

నాట్యంతో పనిలేని ఒక గొప్ప పాత్ర 1962లో దొరికింది. ‘ద ఎల్-షేప్డ్ రూమ్’లో పెళ్ళికాకుండానే గర్భవతి అయి, లండన్‌లో చవక అద్దెగదిలో ఒంటరిగా బతికే యువతి. ఆ పాత్రని మాటతో, మౌనంతో, చూపుతో మోసి బ్రిటిష్ అకాడమీ అవార్డు గెలుచుకుంది. రెండో ఆస్కార్ నామినేషనూ వచ్చింది.

నీకు ఆమెకి లేని ఒక సౌకర్యం ఉంది అమ్మలూ. బ్యాలే నర్తకి రంగం మీద నోరు విప్పదు. మన కూచిపూడిలో వాచికం, అంటే మాటతో చేసే అభినయం, ఉంది. భామాకలాపంలో సత్యభామ స్వయంగా మాట్లాడుతుంది. అయితే ఆ వాచికం చివరి వరుసదాకా వినబడేలా పలికేది. కెమెరాకి అంత అక్కర్లేదు. కనుబొమలు ఎంత తగ్గించాలో, మాట ఎంత మెల్లగా అనాలో వేరే నేర్చుకోవాలి. అందుకే షూటింగు మొదలయ్యేలోగా ఏదైనా నాటక సమాజంలో చేరి ఒక్క వేషమైనా కట్టు. పొద్దుటి సాధన మానకు. కెమెరాకి సన్నగా కనబడాలని భోజనం అసలే మానకు. కడుపు మాడిన ఒళ్ళు సాధనకి నిలబడదు.

తొందర కూడా వద్దు. ఒక టీవీ ధారావాహికలో అతిథి పాత్రకి లెస్లీకి ఎమ్మీ వచ్చింది 2007లో, డెబ్బై ఆరేళ్ళ వయసులో.

సంతకం పెట్టేముందు దర్శకుణ్ణి పాత్ర పూర్తిగా చెప్పమను. డబ్బింగు నీ చేతనే చెప్పిస్తారా అని కూడా గట్టిగా అడుగు. ఏమన్నారో నాకు రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ