దరఖాస్తు ఫారమే తొలి పాఠం

నోటిఫికేషన్ గడువు దగ్గరపడిందంటే నెట్ సెంటర్లలో రద్దీ మొదలవుతుంది. డిగ్రీ పూర్తిచేసిన వాళ్లు కూడా బ్యాంకు పరీక్ష దరఖాస్తులో పేరు, అడ్రసు, మార్కులు సొంతంగా నింపేసి, ఫొటో అప్‌లోడ్ దగ్గర ఆగిపోతారు. ఫైలు సైజు ఎక్కువైందని స్క్రీన్ మీద ఎర్రక్షరాలు వస్తాయి. సెంటర్ నడిపే వ్యక్తి నాలుగు క్లిక్కుల్లో ఆ పని పూర్తిచేసి డబ్బులు తీసుకుంటాడు. ఆ నాలుగు క్లిక్కుల్లోనే పిక్సెల్, కేబీ, ఫార్మాట్, కంప్రెస్ అనే మాటలన్నీ ఉన్నాయి.

కంప్యూటర్ పదజాలం అనగానే గైడు పుస్తకం తెరిచి ‘సీపీయూ అంటే ఏమిటి, రామ్ పూర్తి రూపం ఏమిటి’ అని బట్టీపట్టడం మన దగ్గర పాత అలవాటు. పరీక్షలో ఒకటి రెండు మార్కులకు అది అక్కరకొస్తుందేమో గానీ ఉద్యోగంలో నిలబెట్టదు. పని చేస్తూ నేర్చుకున్న మాట అటు పరీక్షకూ పనికొస్తుంది, ఇటు ఆఫీసులోనూ పనికొస్తుంది. అందుకు దరఖాస్తు ఫారాన్ని మించిన పాఠం లేదు.

బ్యాంకు పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ దరఖాస్తుల్లో ఫొటో 20 నుంచి 50 కేబీ మధ్య, 200×230 పిక్సెళ్లలో ఉండాలంటారు. సంతకం 10 నుంచి 20 కేబీ, 140×60 పిక్సెళ్లు. పిక్సెల్ అంటే బొమ్మను కూర్చిన చుక్క. 200ను 230తో గుణిస్తే 46 వేల చుక్కలు. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ కెమెరా తీసే ఫొటోలో అలాంటివి దాదాపు కోటీ 20 లక్షలు ఉంటాయి. కాబట్టి ఆ ఫొటోను యథాతథంగా పంపితే సైటు తీసుకోదు. చుక్కల సంఖ్య తగ్గించడం రీసైజ్. అక్కర్లేని అంచులు కత్తిరించడం క్రాప్. చుక్కలు అన్నే ఉంచి ఫైలు బరువు తగ్గించడం కంప్రెస్. మూడూ వేర్వేరు పనులు. ముందు క్రాప్, తర్వాత రీసైజ్, అప్పటికీ ఎక్కువుంటేనే కంప్రెస్ చేస్తే ముఖం మసకబారదు.

ఇక కేబీ. కంప్యూటర్ లెక్కలో అతి చిన్నది బిట్. అది 0 లేదా 1. ఎనిమిది బిట్లు ఒక బైట్. సుమారు వెయ్యి బైట్లు ఒక కేబీ, వెయ్యి కేబీలు ఒక ఎంబీ, వెయ్యి ఎంబీలు ఒక జీబీ. ఈ వెయ్యిని కొన్నిచోట్ల 1024గా లెక్కిస్తారు. ఒక టీబీ హార్డ్‌డిస్క్ కొని విండోస్‌లో చూస్తే 931 జీబీయే కనిపించడానికి కారణం అదే. తయారీదారు వెయ్యితో లెక్కగట్టి అమ్ముతాడు, విండోస్ 1024తో లెక్కగట్టి చూపిస్తుంది. అందులో మోసమేమీ లేదు.

ఫార్మాట్ అంటే ఫైలు రకం. ఆ విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సైటు జేపీజీ అడిగితే, తమ దగ్గరున్న పీఎన్‌జీ ఫైలు పేరు చివర జేపీజీ అని మార్చి పంపేస్తారు. పేరు మారినంత మాత్రాన లోపలి ఫైలు మారదు. ఫొటోను పెయింట్ లాంటి ప్రోగ్రామ్‌లో తెరిచి, ‘సేవ్ యాజ్’ నొక్కి జేపీజీని ఎంచుకోవాలి.

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు షాపువాళ్లు ‘8 జీబీ, 512 జీబీ’ అని గబగబా చెప్పేస్తారు. మొదటిది రామ్, రెండోది స్టోరేజ్. తేడా తెలియాలంటే కరెంటు పోవడమే చాలు. డెస్క్‌టాప్ మీద అరగంటగా టైపు చేసిన ఉత్తరం సేవ్ చేయకుండా ఉండగా కరెంటు పోతే, అది రామ్‌లో ఉన్నది కాబట్టి మాయమవుతుంది. కంట్రోల్ ఎస్ నొక్కి ఉంటే స్టోరేజ్‌లోకి చేరి పదిలంగా ఉండేది. మానిటర్, కీబోర్డు, ప్రింటర్ వంటి హార్డ్‌వేర్ పేర్లు వాడుకలో వాటంతటవే వచ్చేస్తాయి. వాటి మీద వారాలు ఖర్చు పెట్టాల్సిన పని లేదు.

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఎక్సెల్ మీద. డేటా ఎంట్రీ ఉద్యోగి, మీసేవ ఆపరేటర్, ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాల్లోని డిజిటల్ అసిస్టెంట్ వంటి వాళ్లకు పట్టికలతో రోజూ పని పడుతుంది. అక్కడ సెల్, రో, కాలమ్, ఫార్ములా అనే నాలుగు మాటల తర్వాత తెలియాల్సింది ‘సెల్ ఫార్మాట్’. 12 అంకెల ఆధార్ నంబరును మామూలు సెల్‌లో కొడితే ఎక్సెల్ దాన్ని కుదించి 2.34ఈ+11 అన్నట్టు చూపిస్తుంది. బ్యాంకు ఖాతా నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. ఎక్సెల్ 15 అంకెల వరకే సరిగ్గా గుర్తుంచుకుంటుంది. 16 అంకెల నంబరు కొడితే చివరి అంకె సున్నాగా మారిపోతుంది, హెచ్చరిక కూడా రాదు. లబ్ధిదారుల జాబితాలో అలాంటి తప్పు దొర్లితే ఒక కుటుంబానికి అందాల్సిన డబ్బు ఆగిపోవచ్చు. నంబర్లు కొట్టకముందే ఆ కాలమ్ ఫార్మాట్‌ను ‘టెక్స్ట్’గా మార్చేస్తే ఈ మూడు ఇబ్బందులూ తప్పుతాయి. ఎమ్మెస్ ఆఫీస్ కొనలేని వాళ్లు లిబ్రెఆఫీస్‌ను ఉచితంగా దించుకుని సాధన చేయవచ్చు. అందులోనూ ఇవే మాటలు.

తెలుగు టైపింగ్‌తో ఉపాధి వెతుక్కునే వాళ్లకు యూనికోడ్ అన్న మాట ప్రాణం. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఒక్కో నంబరు కేటాయించిన ప్రమాణం అది. అందుకే తెలుగు ఈమెయిల్ అమెరికాలో తెరిచినా తెలుగులోనే కనిపిస్తుంది. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడుతున్న అను ఫాంట్ల తీరు వేరు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల కలగాపులగం వస్తుంది. ‘తెలుగు’ అన్న మాట మనకు మూడక్షరాలే. యూనికోడ్‌లో కంప్యూటర్‌కు మాత్రం త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు గుర్తులు. వెబ్‌లో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున మొత్తం 18 బైట్లు. ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 గుర్తులే పట్టడం కూడా ఇలాంటి లెక్కే. ప్రభుత్వ ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి. తెలుగులో చెయ్యి తిరిగితే అదే అమరికతో హిందీ కూడా కొట్టవచ్చు. కొత్తగా నేర్చుకునేవారు దీంతో మొదలుపెట్టడమే మేలు.

బిట్, బైట్ల తేడా ఇక్కడా అక్కరకొస్తుంది: ఇంటర్నెట్ ప్లాన్‌లో కనిపించే ఎంబీపీఎస్ మెగాబిట్ల లెక్క, మెగాబైట్లది కాదు. 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో సెకనుకు వచ్చేది 12.5 మెగాబైట్లు. ఒక జీబీ ఫైలు దిగడానికి, అంతా సవ్యంగా ఉంటే, నిమిషం ఇరవై సెకన్లు.

యూఆర్‌ఎల్, అంటే వెబ్ అడ్రసు, చదవడం రాకపోతే నిరుద్యోగికి డబ్బు నష్టం కూడా జరుగుతుంది. నకిలీ ఉద్యోగ సైట్లు ఆ తెలియనితనం మీదే బతుకుతున్నాయి. అడ్రసులో మొదటి ఒంటి ఏటవాలు గీతకు (/) ముందున్న భాగాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. ఆ భాగం ‘డాట్ జీవోవీ డాట్ ఇన్’తో ముగిస్తే అది ప్రభుత్వ డొమైన్. మధ్యలో ఎక్కడో జీవోవీ అని ఉండి, చివర ఇంకో పేరూ డాట్ కామూ ఉంటే అది ప్రభుత్వానిది కాదు. పక్కన తాళం గుర్తు ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. మనం పంపే సమాచారం దారిలో ఎవరూ చదవలేరనే దానికి అర్థం, అవతలివాడు నిజాయితీపరుడని కాదు. ఫీజు కట్టి మోసపోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.

పరీక్షల సంగతికొస్తే, ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-2లో కంప్యూటర్ పరిజ్ఞానానికి 20 ప్రశ్నలు, 60 మార్కులు, 15 నిమిషాలు. ఆ మార్కులు ర్యాంకులో కలవవు కానీ అర్హత మార్కులు తప్పనిసరి. మెమరీ, పోర్టులు, కీబోర్డు షార్ట్‌కట్లు, ఎమ్మెస్ ఆఫీస్, ఈమెయిల్, ఈ-బ్యాంకింగ్, నెట్‌వర్క్ పరికరాలు, వైరస్, వర్మ్, ట్రోజన్ వంటివి అందులో అడుగుతారు. పైన చెప్పుకున్న పనులు సొంతంగా చేసిన వారికి వీటిలో చాలా భాగం పరిచయమే.

సర్టిఫికెట్ కావాలనుకుంటే కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ పరిధిలోని నీలిట్ నిర్వహించే సీసీసీ కోర్సు ఉంది. మొత్తం 80 గంటలు. అందులో 50 గంటలు కంప్యూటర్ ముందు కూర్చుని చేయాల్సిన సాధనే. ఊళ్లో ఇన్‌స్టిట్యూట్‌లో చేరాలనుకునేవారు ఫీజు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ‘రోజుకు ఎంతసేపు ఒక్కరికే ఒక సిస్టమ్ ఇస్తారు?’ జవాబు తడబడితే, నోట్సు ఎంత బాగున్నా సరే, మరో చోటు చూసుకోండి.