బెర్లిన్‌లో అద్దె ఇల్లు: ముందు ఫైలు, తర్వాతే ఫ్లాటు

పెనుగంచిప్రోలులోనో జగ్గయ్యపేటలోనో అద్దెకి ఇల్లు కావాలంటే తెలిసినవాళ్లతో ఓ మాట చెప్పిస్తాం. ఓనరు ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతాడు. అడ్వాన్సు ముట్టగానే తాళం చేతికిస్తాడు. బెర్లిన్‌లో అదే ప్రశ్నకి జవాబు కాగితాలు చెప్పాలి. ప్రకటన పడిన కాసేపటికే దరఖాస్తులు గుట్టపడతాయి. ఇల్లు నచ్చాక కాగితాలు చూసుకుందాంలే అనుకుంటే ఆ ఇల్లు ఇంకొకరిదైపోతుంది.

పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగ ఒప్పందం, చివరి మూడు నెలల జీతం స్లిప్పులు, షూఫా అనే అప్పుల చరిత్ర నివేదిక, పాత ఓనరుకి బాకీ లేదన్న కాగితం. అన్నీ ఒకే పీడీఎఫ్‌గా ఫోన్‌లో ఉండాలి. కొత్తగా దిగినవాళ్లకి షూఫాలో చరిత్రేమీ ఉండదు, కంగారు పడకండి. పర్మనెంటు ఉద్యోగమని కంపెనీ ఇచ్చే లేఖ ఆ లోటు కొంత పూడుస్తుంది. నాలుగు ముక్కల పరిచయం మాత్రం జర్మన్‌లోనే రాయించుకోండి.

అసలు చిక్కు చిరునామాది. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు పురపాలక కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలని చట్టం. దానికి ఓనరు సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. నమోదు లేకపోతే పన్ను నంబరు రాదు, బ్యాంకు పనులూ వీసా పనులూ ఒకదాని వెనక ఒకటి ఆగుతాయి. అందుకే మొదటి కొన్ని నెలలకి తాత్కాలిక గది చూసుకునేటప్పుడు అద్దె ఎంత అనేకన్నా ముందు నమోదుకి ఒప్పుకుంటారా అని అడగండి. అద్దె కాస్త ఎక్కువైనా ఒప్పుకునే గదే తీసుకోమంటాను. సొంత ఫ్లాటు కోసం తీరిగ్గా వెతికేది అక్కడ కూర్చునే.

ప్రకటనలో పెద్దగా కనిపించేది ఒట్టి అద్దె, అంటే కాల్ట్‌మీటె. దాని మీద హీటింగు, నీళ్లు, చెత్త ఖర్చులు పడతాయి. కరెంటు మామూలుగా వేరే. డిపాజిట్టు మూడు నెలల ఒట్టి అద్దెకి మించకూడదు, దాన్నీ మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. ఓనరు పెట్టుకున్న బ్రోకరుకి మీరు కమీషను ఇవ్వక్కర్లేదు, 2015 నుంచి చట్టం అంతే. మనవాళ్లు బిత్తరపోయేది వంటింటి దగ్గర: చాలా ఇళ్లలో పూర్తిగా అమర్చిన వంటిల్లు ఉండదు! ఖాళీ చేసేవాళ్ల సామాను బేరమాడి కొనుక్కోవడం ఇక్కడ మామూలే.

ఓనరు విదేశంలో ఉన్నాడు, డబ్బు పంపితే తాళం పోస్టులో వస్తుందంటే అది మోసం. ఇల్లు చూడకుండా, ఒప్పందం చదవకుండా ఒక్క యూరో కూడా పంపకండి.

తాళం అందిన రోజే గోడల మీది మరకలూ మీటరు రీడింగులూ ఫొటోలు తీసుకోండి. పోస్టు డబ్బా మీద మీ ఇంటిపేరు అంటించండి. పన్ను నంబరు వచ్చేది పోస్టులోనే, పేరు లేకపోతే ఆ ఉత్తరం వెనక్కి పోతుంది.