గుండె తలుపులకు పట్టే సున్నం

పిల్లలూ! బోరు నీళ్ళు రోజూ కాచే గిన్నెను ఎప్పుడైనా గమనించారా? అడుగున తెల్లగా, గట్టిగా ఒక పొర పేరుకుని ఉంటుంది. నీటిలో కరిగివున్న కాల్షియం లవణాలే అలా గట్టిపడతాయి. ఇంచుమించు ఇలాంటిదే మనిషి గుండెలోనూ జరగవచ్చు! మూత్రపిండాలు చెడిపోయి డయాలిసిస్ చేయించుకునేవారికి ఈ ముప్పు ఎక్కువ.

మన గుండెలో నాలుగు కవాటాలున్నాయి. ఇవి ఒకవైపుకే తెరుచుకునే తలుపుల వంటివి. రక్తాన్ని ముందుకు పోనిస్తాయి, వెనక్కి రానివ్వవు. రోజుకు సుమారు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. పలుచగా ఉండి సులువుగా వంగడమే వాటి బలం.

మరి మూత్రపిండాలకూ కవాటాలకూ సంబంధమేమిటి? పప్పు, పాలు, మాంసం వంటి ఆహారంలో భాస్వరం ఉంటుంది. ఒంటికి అక్కరలేని భాస్వరాన్ని మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. అవి పనిచేయనప్పుడు రక్తాన్ని యంత్రంతో శుభ్రం చేస్తారు. అదే డయాలిసిస్. 1943లో నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్ అనే వైద్యుడు ఇలాంటి యంత్రాన్ని తయారుచేసి రోగులకు వాడాడు.

అయితే మూత్రపిండాలు రాత్రింబగళ్ళు పనిచేస్తాయి. యంత్రమో, సాధారణంగా వారానికి మూడుసార్లు, సుమారు నాలుగేసి గంటలు మాత్రమే. పైగా ఒంట్లోని భాస్వరంలో ఎక్కువ భాగం ఎముకల్లో, కణాల్లో ఉంటుంది. యంత్రానికి అందేది కొంతే. రక్తంలో మిగిలిపోయిన భాస్వరం కాల్షియంతో కలిసి కవాటాల రెక్కల్లో చేరుతుంది.

గిన్నెకూ కవాటానికీ ఒక తేడా ఉంది. కవాటంలో జీవకణాలున్నాయి. భాస్వరం ఎక్కువైతే ఆ కణాలే ఎముకను కట్టే కణాల్లాగా మారగలవు! అప్పుడు రెక్కలు బిరుసెక్కి దారి ఇరుకవుతుంది. రక్తాన్ని నెట్టలేక గుండె అలసిపోతుంది.

ఇక కొవ్వు సంగతి. లావెక్కితే గుండెకు చేటని వింటూంటాం. కాని డయాలిసిస్ చేయించుకునేవారిలో, బాగా సన్నగా ఉన్నవారికంటే కాస్త బరువున్నవారు ఎక్కువకాలం బతుకుతున్నట్టు వైద్యులు గమనించారు. జబ్బువల్ల ఆకలి తగ్గి కండ కరుగుతున్నప్పుడు ఒంట్లోని నిల్వలు ఆసరా కావడం ఇందుకు ఒక కారణం కావచ్చు. అలాగని కొవ్వంతా మేలు చేయదు. పొట్టలోపల, అవయవాల చుట్టూ చేరిన కొవ్వు హానిచేసే పదార్థాలను రక్తంలోకి వదులుతుంది. కవాటాలు గట్టిపడడానికి అవీ తోడ్పడతాయని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

ముగ్గురు మనుషులు 60 కిలోలే తూగవచ్చు. ఒకరిలో కండ ఎక్కువ, ఒకరిలో కొవ్వు ఎక్కువ, మరొకరిలో బయటికి పోని నీరు ఎక్కువ. కాటా ఈ తేడా చెప్పలేదు. అందుకే డాక్టర్లు బరువొక్కటే చూడరు. రక్తంలో భాస్వరాన్ని కొలుస్తారు. ఎకో పరీక్షతో, అంటే ధ్వని తరంగాలతో, కవాటాల కదలికను చూస్తారు.

మీకు తెలిసినవారెవరైనా డయాలిసిస్ చేయించుకుంటున్నారా? కోలా పానీయాల్లో, చాలా ప్యాకెట్ తినుబండారాల్లో కలిపే భాస్వరం ఒంటికి తొందరగా పడుతుంది. కనుక "ఒక్కటి తింటే ఏమౌతుందిలే" అని వారిని బలవంతపెట్టకండి. డాక్టరు చెప్పిందే వారికి విందు.

చేసి చూడండి: మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టండి. దాన్ని 60తో, తర్వాత 24తో గుణించండి. మీ గుండె తలుపులు రోజుకు ఎన్నిసార్లు తెరుచుకుంటాయో తెలుస్తుంది!