ఖడ్గానికి తుప్పే సాక్షి

జపాన్ దేశపు ప్రాచీన ఖడ్గాన్ని పరీక్షించేవారు ముందుగా పిడిని ఊడదీస్తారు. పిడిలో ఇమిడి ఉండే ఇనుప భాగంపై శతాబ్దాలుగా పేరుకొన్న నల్లని తుప్పు దాని వయస్సును తెలుపుతుంది. కమ్మరి తన పేరును చెక్కేదీ అక్కడే. అలుగుకు నిపుణుడు సానపట్టడం దోషం కాదు. పిడిలోని తుప్పును తోమితే మాత్రం ఆధారం నశించి, విలువ పడిపోతుంది. మేలు చేయబోయి అజ్ఞానులు చేసే కీడు ఇదే.

పూర్వం పొడవైన ఖడ్గాలను యోధులు పిడివైపు కోయించి కురచ చేయించుకొనేవారు. అప్పుడు కమ్మరి పేరు తెగిపోయేది. కొందరు ఆ పేరున్న ముక్కను కొత్త భాగంలో పొదిగించి కాపాడారు.

అగ్నికి చిక్కిన ఖడ్గం గతి వేరు. కాల్చి నీట ముంచి పెట్టిన పానం పోతుంది. 1615లో ఒసాకా కోట దగ్ధమైనప్పుడు కాలిన ప్రసిద్ధ ఖడ్గాలకు తొకుగవా ఇయెయాసు, యసుత్సుగు అనే కమ్మరిచేత మళ్ళీ పానం పెట్టించాడు. సామాన్య ఖడ్గానికైతే అట్టి పునఃసంస్కారం పూర్వపు విలువను తెచ్చిపెట్టదు.