రెండు చక్రాలు – రెండు నగరాలు: ఆమ్‌స్టర్‌డామ్, హైదరాబాదు వీధుల తులనాత్మక పరిశీలన

ఒక నగరపు నాగరికతను తెలుసుకొనుటకు అక్కడి భవనాలనూ, గ్రంథాలయాలనూ, ఉద్యానవనాలనూ చూచుట పరిపాటి. కాని ఆ నగర ప్రజలు ఉదయం తొమ్మిది గంటల వేళ వీధిని ఏ విధంగా దాటుతున్నారో గమనించినచో అంతకంటె ఎక్కువ తెలియగలదని మా అభిప్రాయం. ఎవరికి ఎవరు దారి ఇస్తున్నారు, ఎవరిని చూచి ఎవరు భయపడి ప్రక్కకు తొలగుతున్నారు అనే చిన్న విషయంలోనే ఆ సమాజపు విలువలు ఇమిడి ఉంటవి. అందుచేత డచ్చివారి ఆమ్‌స్టర్‌డామ్ నగరాన్నీ, మన హైదరాబాదునూ సైకిలు, కారు అనే రెండు వాహనాల దృష్ట్యా పోల్చి చూడదలచినాము.

డచ్చివారు మనకు బొత్తిగా క్రొత్తవారు కారు. 17వ శతాబ్ది ఆరంభంలోనే గోల్కొండ కుతుబ్‌షాహీ సుల్తానుల అనుమతితో వారు మచిలీపట్నంలో వర్తక స్థావరం ఏర్పరచుకొన్నారు. మన నేత బట్టలు వారి ఓడలలో దూరదేశాలకు తరలిపోయినవి. నాడు వస్త్రాలు ఇచ్చి పుచ్చుకొన్న వారి నుండి నేడు వీధిని గురించిన ఆలోచనను పుచ్చుకొనుటలో తప్పు లేదు.

సైకిలు, కారు – తోబుట్టువులు

సైకిలు పాతకాలపుదనీ, కారు ఆధునికమైనదనీ మనలో అనేకుల నమ్మకం. చరిత్ర ఈ నమ్మకాన్ని సమర్థించదు. 1817లో జర్మనీ దేశీయుడైన కార్ల్ డ్రైస్ తొక్కుడు కడ్డీలు లేని రెండు చక్రాల యంత్రాన్ని నడిపి చూపినాడు. దానిపై కూర్చొని నేలను కాళ్ళతో తన్నుకొంటూ ముందుకు పోవలసి ఉండేది. నేడు మనం చూచే సైకిలు రూపం, అనగా సమానమైన రెండు చక్రాలు, వెనుక చక్రాన్ని త్రిప్పే గొలుసు, 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలుతో స్థిరపడినది. 1888లో డన్‌లప్ గాలి నింపిన టైరును ప్రవేశపెట్టినాడు. జర్మనీలో కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు కోరినది 1886లో. కనుక నేటి సైకిలుకూ, కారుకూ వయస్సులో ఉన్న తేడా ఇంచుమించు ఒక్క సంవత్సరమే. ఒకటి ముసలిదై రెండవది దాని స్థానంలోకి వచ్చినదనుట సరికాదు. రెండూ ఒకే యుగపు సంతానం. ఏది ఎప్పుడు వాడవలెనన్నది కాలం నిర్ణయించినది కాదు, మనుష్యులు నిర్ణయించుకొన్నది.

డచ్చివారి అనుభవం

డచ్చివారు పుట్టుకతోనే సైకిలు ప్రియులనీ, వారి నేల చదునైనది కనుక వారికి అది సాధ్యమైనదనీ చెప్పుట కద్దు. నేల చదును అన్నమాట నిజమే. కాని ఆ చదునైన నేలపైననే ఒకప్పుడు సైకిలు వెనుకపట్టు పట్టినదని మనం మరువరాదు.

రెండవ ప్రపంచ యుద్ధానికి పూర్వం ఆమ్‌స్టర్‌డామ్ వీధులు సైకిళ్ళతో నిండి ఉండేవి. యుద్ధానంతరం దేశం సంపన్నమైన కొలదీ కార్లు పెరిగినవి. 1954లో ఆ నగర పోలీసు అధిపతి కాస్‌యాగర్ కొన్ని ప్రాచీన కాలువలను పూడ్చి రోడ్లు వేయవలెనని ప్రతిపాదించినాడు. ప్రజలు నిరసించినందున ఆ కాలువలు నిలిచినవి. అయినను 1960 దశకమంతటా రోడ్లు విశాలమగుచు, కూడళ్ళు కార్లు నిలుపు స్థలాలుగా మారుచు వచ్చినవి.

ఫలితం 1971 లెక్కలలో కనిపించినది. సుమారు ఒక కోటి ముప్ఫై లక్షల జనాభా గల ఆ చిన్న దేశంలో ఆ ఒక్క సంవత్సరం రోడ్డు ప్రమాదాలలో మూడు వేలమందికి పైగా మరణించినారు. వారిలో నాలుగు వందలకు పైగా పిల్లలు. తన బిడ్డను ఈ విధంగా కోల్పోయిన విక్ లాంగెన్‌హాఫ్ అనే పత్రికా రచయిత 1972లో ఒక వ్యాసం వ్రాసినాడు. 'శిశుహత్యను ఆపండి' అన్న అర్థం వచ్చే దాని శీర్షికే ఒక ఉద్యమానికి పేరైనది. తల్లిదండ్రులు, విద్యార్థులు, ఉపాధ్యాయులు వీధులలో బైఠాయించినారు. పిల్లల ఆటల కొరకు కొన్ని వీధులను తాత్కాలికంగా మూసివేయించినారు.

ఇంతలో 1973 చమురు సంక్షోభం వచ్చినది. ఆ సంవత్సరం నవంబరు 4 నుండి కొన్ని వారాల పాటు ఆదివారాలలో కార్ల రాకపోకలను ప్రభుత్వం నిషేధించినది. నిశ్శబ్దమైన రహదారులపై ప్రజలు నడిచినారు, సైకిళ్ళు తొక్కినారు. కారు లేకున్నను నగరం బ్రతుకగలదని వారికి ప్రత్యక్షంగా తెలిసినది. 1975లో సైకిలు వాడుకరుల సంఘం ఏర్పడినది. ఆ దశకంలోనే హేగ్, టిల్‌బర్గ్ నగరాలలో ప్రయోగాత్మకంగా ప్రత్యేక సైకిలు బాటలు నిర్మించినారు. డెల్ఫ్ట్ నగరంలో మొదలైన 'వూనెర్ఫ్' అనే పద్ధతికి 1976లో చట్టబద్ధత లభించినది. ఈ మాటకు 'నివాస ప్రాంగణం' అని అర్థం చెప్పుకొనవచ్చును. అటువంటి వీధిలో కారు మనిషి నడక వేగంతోనే పోవలెను. పిల్లలకు వీధి నడుమ ఆడుకొను హక్కు కలదు.

నేడు ఆ దేశంలో జనాభా కంటె సైకిళ్ళ సంఖ్యయే ఎక్కువ. మొత్తం ప్రయాణాలలో నాల్గవ వంతుకు పైగా సైకిలుపై జరుగుతున్నవి. 2023లో అక్కడ రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 684 మంది. వారిలో 270 మంది సైకిలుపై పోవువారు. ఇదియు చిన్న సంఖ్య కాదు. అయినను జనాభా పెరిగినప్పటికీ మరణాలు 1971 నాటి దానిలో నాల్గవ వంతుకు లోబడినవనునది గమనింపదగినది.

మన అనుభవం

ఇక మన నగరం సంగతి. గత తరంలో హైదరాబాదు గుమాస్తాలకు, ఉపాధ్యాయులకు, విద్యార్థులకు సైకిలే వాహనం. గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చే దుకాణాన్ని తెలంగాణలో 'సైకిల్ టాక్సీ' అనేవారు. సీటు అందని పిల్లలు కడ్డీ క్రింది నుండి కాలు దూర్చి 'కైంచీ' తొక్కేవారు. రాత్రివేళ దీపం లేకున్నను, ఇద్దరు ఎక్కినను పోలీసువారు ఆపేవారు. సినిమా హాలు వద్ద సైకిలు స్టాండు తప్పక ఉండేది.

దేశంలో సైకిలు పరిశ్రమ కూడ బలపడినది. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సైకిళ్ళ తయారీ మొదలైనవి. తరువాత కాలం మారినది. 1983 చివర మారుతి కారు, 1985లో హీరో హోండా మోటారు సైకిలు వీధిలోకి వచ్చినవి. సైకిళ్ళు చేసిన సంస్థవారే మోటారు సైకిళ్ళలోకి ప్రవేశించుట ఆ మార్పుకు గుర్తుగా నిలిచినది. ఐక్యరాజ్యసమితి జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిలు దినంగా 2018లో ప్రకటించినది. సరిగా రెండేండ్లకు, 2020 జూన్ 3ననే, అట్లాస్ సంస్థ సాహిబాబాద్‌లోని తన కర్మాగారంలో ఉత్పత్తి నిలిపివేసినది.

భాషలో సైతం ఈ మార్పు కనిపించును. తెలుగులో 'బండి' అన్నప్పుడు ఒకనాడు ఎద్దుల బండి స్ఫురించేది. నేడు మోటారు సైకిలు స్ఫురించుచున్నది. దక్కనీ ఉర్దూలో 'గాడీ' అను మాటకూ ఇదే గతి పట్టినది. సైకిలును మాత్రం ఏ భాషలోనైనను సైకిలనే అనుచున్నాము. దానికి బండి హోదా రాలేదు.

అయినను సైకిలు మన సమాజం నుండి మాయమైపోలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో నూటికి 44.8 కుటుంబాలకు సైకిలు ఉండగా, 21 కుటుంబాలకు మోటారు ద్విచక్ర వాహనం, 4.7 కుటుంబాలకు మాత్రమే కారు ఉన్నవి. అయితే మన రోడ్లు ఎవరి కొరకు నిర్మింపబడుచున్నవి? హైదరాబాదులో 2009లో ప్రారంభమైన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ మార్గం పదకొండు కిలోమీటర్లకు పైగా పొడవు గలది. దానిపై ద్విచక్ర వాహనాలకు ప్రవేశం నిషేధించినారు. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినారు. వారిలో ముప్ఫై రెండు వేలకు పైగా పాదచారులు. ఏ వాహనమూ లేని వారు ఇతరుల వాహనాలకు ఇంత పెద్ద మూల్యం చెల్లించుట న్యాయమేనా అని ప్రశ్నించుకొనవలసి ఉన్నది.

మర్యాద అను సమస్య

రెండు సంస్కృతుల మధ్య అసలు భేదం ఇక్కడ ఉన్నదని మాకు తోచుచున్నది. మనకు వాహనం ప్రయాణ సాధనం మాత్రమే కాదు, హోదాకు కొలమానం. పెండ్లి సంబంధాల వేళ 'అబ్బాయికి ఏ బండి ఉన్నది' అని అడుగువారు కలరు. సైకిలుపై వచ్చిన వానిని ద్వారపాలకుడు ఆపును. కారులో వచ్చిన వానికి సలాము చేయును. ఆ ద్వారపాలకుడు సైతం ఇంటికి పోవునది సైకిలుపైననే. 2010 నుండి 2024 వరకు డచ్చివారి ప్రధానమంత్రిగా ఉన్న మార్క్ రుట్టే తరచు సైకిలుపై కార్యాలయానికి వెళ్ళేవారు. అక్కడ అది వింతగాని, వినయ ప్రదర్శనగాని కాదు.

అయితే మన దేశంలో సైకిలు గౌరవాన్ని పెంచిన సందర్భాలు లేకపోలేదు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990 దశకం ఆరంభంలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చినారు. నీటికీ, సంతకూ, బడికీ ఎవరి దయ లేకుండ పోగలిగినారు. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళు ఇచ్చు పథకాన్ని ప్రారంభించగా, బడి దూరమైన గ్రామాలలో బాలికల చేరిక ఎక్కువగా పెరిగినదని ఆర్థిక శాస్త్రవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ చూపినారు. పేదరికపు గుర్తని మనం తలచినది ఒక బాలికకు చదువుల వాకిలి కాగలదు.

గ్రహింపవలసినది

హైదరాబాదు ఆమ్‌స్టర్‌డామ్ కాజాలదు. మన ఎండలు తీవ్రమైనవి, మన దూరాలు ఎక్కువ, బంజారాహిల్సు ఎత్తులు చదునైన నేల కావు. కాని నగర ప్రయాణాలన్నీ దూర ప్రయాణాలు కావు. బస్తీ నుండి బడికి, ఇంటి నుండి మెట్రో స్టేషనుకు పోవు రెండు మూడు కిలోమీటర్లకు ఈ ఆటంకాలు గొప్పవి కావు. బాట ప్రక్కన వేప, కానుగ చెట్లుండిన ఎండ కొంత తగ్గును. 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు వెంబడి సౌర ఫలకాల నీడ గల 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైనది. అది మెచ్చదగినదే. అయితే పాలు పోయువానికి, పత్రిక వేయు బాలునికి, కావలి మనిషికి కావలసినది నగర శివారులోని వ్యాయామ బాట కాదు. తాను రోజూ పోవు వీధిలో రెండు గజాల భద్రమైన స్థలం.

మరియొక మాట. డచ్చివారు 1976లో చట్టం చేసి సాధించిన నివాస ప్రాంగణం మన గల్లీలకు ఆచారంగానే ఉండినది. పిల్లల ఆటలు, వాకిట మంచాలు, తోపుడు బండ్లు, ఇరుగు పొరుగు ముచ్చట్లు – ఇవన్నీ గల్లీకి సహజ శోభ. వారు పోగొట్టుకొని తిరిగి సంపాదించుకొన్న దానిని మనం చేజేతుల పోగొట్టుకొనుచున్నాము.

డచ్చివారి చరిత్ర మనకు బోధించు పాఠం ఒక్కటే. వీధి స్వరూపం విధిలిఖితం కాదు, ప్రజల నిర్ణయం. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు అడిగినందుననే అక్కడ మార్పు వచ్చినది. మన కళాశాలలలో సైకిలు స్టాండుకు నీడ కల్పించుట, సైకిలుపై వచ్చు సహాధ్యాయిని చిన్నచూపు చూడకుండుట, బడి ముందర వేగ నిరోధకాలకై పురపాలక సంఘానికి అర్జీ పెట్టుట – ఇవి మన చేతిలోని పనులే. బాల బాలికలు భయం లేకుండ బడికి చేరగల వీధి ఏ నగరంలో ఉన్నదో, ఆ నగరమే నాగరికమైనదని చెప్పుటకు మేము సంకోచించము.