ఋషికుల్య నీరు, వల, గాలం

బరంపురం నగరం ఋషికుల్య ఒడ్డున లేదు. అయినను ఈ నగరపు కుళాయిలలోకి వచ్చే నీటిలో ఆ నదికి భాగమున్నది. కంధమాల్ జిల్లాలో దారింగిబాడి సమీపపు కొండలలో పుట్టిన ఋషికుల్య, సురడా, అస్కా, పురుషోత్తంపూర్ ప్రాంతాల మీదుగా సుమారు 165 కిలోమీటర్లు ప్రవహించి, గంజాం పట్టణం దాటిన పిమ్మట పురుణబంధ వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆదివారం నాడు గాలం భుజాన వేసుకొని నదికి వెళ్ళే నగరవాసి, సోమవారం ఉదయం బిందె పట్టుకొనేదీ ఆ నది నీటినే. ఈ సంబంధాన్ని గుర్తు చేయడమే ఈ పాఠపు ఉద్దేశం.

నదిని ఎరిగినవారు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు బరంపురం మద్రాసు రాజధానిలోనిది. అంతకు చాలా ముందునుంచే గోపాలపూర్, ఆర్యపల్లి, పొడంపేట వంటి తీరగ్రామాలలో తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలు స్థిరపడి ఉన్నవి. ఒడియా ప్రజలు వీరిని నోలియాలని పిలుస్తారు. అల ఎత్తును బట్టి తెప్పను ఎప్పుడు దింపవలెనో, నీటి రంగును బట్టి ఏ వల వేయవలెనో వీరికి తరతరాలుగా తెలుసు. ఉద్యోగానికో, వ్యాపారానికో, చదువుకో నిన్నమొన్న బరంపురం చేరిన తెలుగు కుటుంబాలకు ఈ తీరంలో గురువులు దూరంగా లేరు, పైగా వారు మాట్లాడేది తెలుగే.

ఏ నీటికి ఆ చేప

గాలపు వేట గురించిన ఆంగ్ల పుస్తకాలలో ట్రౌట్ చేప ప్రస్తావన తరచుగా కనిపిస్తుంది. అది చల్లని నీటి చేప. మన దేశంలో కాశ్మీరు, హిమాచల్, నీలగిరుల వంటి ఎత్తైన ప్రదేశాల వాగులలోనే బ్రతుకుతుంది. గంజాం జిల్లా వెచ్చని నీటిలో దానికి చోటు లేదు. ఇక్కడి మంచినీటిలో శీలావతి, బొచ్చె, కొర్రమీను, వాలుగ, జెల్ల దొరుకుతాయి. నది సముద్రాన్ని కలిసే ఉప్పుకయ్యలలో పండుగప్ప, రొయ్య, పీత దొరుకుతాయి. చేపలు వేరైనను, వేటగాడు పాటించవలసిన నియమాలు మాత్రం ఎక్కడైనా ఒక్కటే. నీరు బాగుంటే చేప ఉంటుంది, పిల్లచేపను వదిలితే వచ్చే ఏడు పెద్దచేప ఉంటుంది.

శీలావతి, బొచ్చె వంటివి వానకాలపు కొత్తనీటిలో ఎదురీది గ్రుడ్లు పెడతాయి. కిలో బరువున్న ఆడ శీలావతి కడుపులో సుమారు రెండు లక్షల గ్రుడ్లు ఉంటాయి. ఆషాఢ శ్రావణ మాసాలలో కడుపు నిండిన చేపను పట్టినవాడు ఒక పూట కూర కోసం ఒక తరాన్ని పోగొట్టినట్లే. కనుక ఆ రోజులలో పొట్ట ఉబ్బిన చేప గాలానికి తగిలితే, చేతులు తడిచేసుకొని, గాలాన్ని మెల్లగా తీసి, నీటిలోనే వదలవలెను. పొడి చేతితో పట్టితే చేప ఒంటిమీది జిగురుపొర చెరిగి, వదిలినను రోగం సోకి చనిపోవచ్చును.

చేయకూడని పనులు

వేసవిలో గుంటలలో నీరు తగ్గినప్పుడు కొందరు బ్లీచింగ్ పొడి, పురుగుమందు కలిపి చేపలను తేలుస్తారు. మందుగుండు పేల్చేవారు, బ్యాటరీ తీగలను నీటిలో దించేవారు కూడా ఉన్నారు. నీటిలో విషం కలపడం, మందుగుండుతో చేపలు పట్టడం 1897 నాటి భారత మత్స్య చట్టం ప్రకారమే నేరాలు. చట్టం మాట అటుంచినను, పురుగుమందుతో చచ్చిన చేపను తిన్న ఇంటికి, ఆ గుంటలో నీరు త్రాగిన పశువుకు ఏమి జరుగుతుందో వేరుగా చెప్పనక్కరలేదు. కరెంటు నీటిలో దించినవాడి ప్రాణమే ముందు పోయిన సందర్భాలూ లేకపోలేదు.

దోమతెర వంటి సన్నకన్ను వలను నదిలో వేయరాదు. కన్ను పెద్దదైన వలలోనుంచి పిల్లచేప జారిపోతుంది. అది నష్టమనిపించవచ్చును గాని, నిజానికి నదిలో వేసుకొన్న పొదుపు.

ఇంటి అద్దాలతొట్టెలో పెంచిన చేప పెద్దదైనప్పుడు జాలిపడి చెరువులో వదిలేవారున్నారు. రాతిని నాకే సక్కర్ చేప ఈ విధంగానే ఆంధ్ర ప్రాంతపు నీళ్ళలోకి చేరి, వలలను చింపుతూ స్థానిక చేపల మేతను హరిస్తున్నది. థాయి మాగుర్ పెంపకాన్ని ప్రభుత్వమే నిషేధించింది. ఇటువంటి జాలి నదికి మేలు చేయదు.

తాబేళ్ళ ఋతువు

ఋషికుల్య ముఖద్వారం ఆలివ్ రిడ్లే తాబేళ్ళ పురుటిల్లు. ఈ తీరంలో అవి గుంపులుగా గ్రుడ్లు పెట్టే సంగతిని 1994లో శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. 2025లో కొద్ది రోజుల వ్యవధిలో ఆరు లక్షలకు పైగా తాబేళ్ళు ఈ ఇసుకపైకి వచ్చాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వీటికి మొదటి షెడ్యూలు రక్షణ ఉన్నది. ప్రతి సంవత్సరం నవంబరు 1 నుంచి మే 31 వరకు ఋషికుల్య ముఖద్వారం వద్ద 20 కిలోమీటర్ల పరిధిలో ట్రాలర్లతో, యంత్రపు పడవలతో వేట నిషిద్ధం.

ఈ ఏడు నెలల భారం మోసేది తీరగ్రామాల ఇళ్ళే. సరదాకు వెళ్ళే నగరవాసికి ఒక ఆదివారం మానుకోవడం కష్టం కాదు. వేటే కూడైన ఇంటికి ఒక రోజు మానుకోవడం కష్టమే. వారు ఇంత నష్టం భరించి కాపాడిన ఇసుకపై నగరవాసి ప్లాస్టిక్ సంచి, తెగిన నైలాను తాడు వదిలి రావడం న్యాయం కాదు. గ్రుడ్లు సుమారు 45 నుంచి 60 రోజులలో పొదుగుతాయి. పిల్లలు వెలుతురు వైపు నడుస్తాయి కనుక ఆ రాత్రులలో ఒడ్డున టార్చిలైటు, బండి దీపం వేయరాదు.

పనిముట్ల సంరక్షణ

తీరంలో వల బాగుచేసుకొనే పెద్దలకు, నగరం నుంచి వచ్చే కుర్రవారికి మధ్య ఇటువంటి మాటలు నడుస్తుంటాయి.

"తాతా, ఈ వల పాతదైపోయింది కదా, ఇక్కడే పారేస్తే ఏం?"

"పారేస్తే వల ఊరుకోదు బాబూ. పట్టేవాడు లేకపోయినా అది చేపను పడుతూనే ఉంటుంది."

ఆ మాటలో శాస్త్రమున్నది. పూర్వపు నూలువల నీటిలో కొంతకాలానికి కుళ్ళిపోయేది. నైలాను కుళ్ళదు. నీటిలో వదిలిన వల ఏళ్ళ తరబడి చేపను, పీతను, తాబేలును చుట్టి చంపుతూనే ఉంటుంది. కావున పనిముట్టును ఎక్కువకాలం మన్నేటట్లు చూసుకొనడం, పాడైనదాన్ని ఇంటికి తిరిగి తేవడం నదిరక్షణలో భాగాలే.

1. ఉప్పునీటిలో వాడిన వలను, గాలపు తాడును అదే రోజు మంచినీటితో కడగవలెను.
2. వలను నీడలో, గాలి తగిలేచోట ఆరవేయవలెను. ఎండ నైలానును పెళుసు చేస్తుంది.
3. చిన్న చిరుగును వెంటనే అల్లవలెను. తెగిన ఒక కన్ను మరునాటికి పదికన్నులవుతుంది.
4. గాలపు కొక్కెములను తుడిచి, కొద్దిగా నూనె రాసి, మూతగల డబ్బాలో పిల్లలకు అందనిచోట ఉంచవలెను.
5. సీసపు గుళ్ళు విషపూరితములు. వాటిని నోటితో కొరికి బిగించరాదు. వీలైనచోట ఇనుపగుళ్ళు వాడవలెను.
6. ఒక చెరువులో వాడిన వలను మరొక చెరువులో వేసేముందు కడిగి పూర్తిగా ఆరబెట్టవలెను. గుర్రపుడెక్క ముక్క, చేపరోగం వలతోపాటు ప్రయాణం చేస్తాయి.
7. తెగిన తాడు, పాత వల, ఎర తెచ్చిన సంచి అన్నీ ఇంటికి తెచ్చి పురపాలక చెత్తబండిలో పొడిచెత్తగా ఇవ్వవలెను.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ వద్ద తీరం దాటినప్పుడు ఎన్నో పడవలు, వలలు ఒక్క రాత్రిలో పోయినవి. పొడంపేటను సముద్రపుకోత వెంటాడుతూనే ఉన్నది. గాలిని, అలను ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. నీటిలో ఏమి కలుపుతామో, ఒడ్డున ఏమి వదులుతామో మాత్రం మన చేతిలోనే ఉన్నది.

ఇంట్లో చర్చించుకొనుటకు

1. మీ ఇంటి కుళాయి నీరు ఎక్కడినుంచి వస్తుంది? మీ వీధి మురుగు ఎక్కడికి పోతుంది?
2. వానకాలంలో గ్రుడ్లతో ఉన్న చేపను ఎందుకు వదలవలెను?
3. నూలువలకు, నైలానువలకు నీటిలో వదిలినప్పుడు కలిగే తేడా ఏమి?
4. తాబేళ్ళ ఋతువులో తీరగ్రామాల కుటుంబాలకు నగరవాసి ఏ విధంగా తోడ్పడగలడు?